చైనాలో రాత్రి రైలెక్కాలంటే: దారి, బెర్తు, వేడినీళ్లు

చైనా వెళ్తున్నామంటే అందరూ చెప్పేది బుల్లెట్ రైలు గురించే. బీజింగ్ నుంచి షాంఘైకి 1,318 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు. నిజమే. కానీ సాయంత్రం ఎక్కి, దుప్పటి కప్పుకుని పడుకుని, తెల్లారేసరికి ఇంకో ఊళ్లో దిగే రైళ్లు కూడా అక్కడ ఇంకా బాగానే నడుస్తున్నాయి. ఒక్క టికెట్‌తో దేశంలోపలి విమానం ఒకటి తప్పుతుంది, హోటల్లో ఒక రాత్రి గది తప్పుతుంది. ఈ లాభం దక్కాలంటే స్టీలు సీసా, గుడ్డ సంచి కొనడం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. దారి సరిగ్గా గీసుకోవాలి.

ముందు దారి

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. మన దేశం నుంచి చైనాకు వెళ్లి వచ్చే విమానమే యాత్ర మొత్తంలో పెద్ద భారం. అక్కడ ఎన్ని రైళ్లెక్కినా ఆ లెక్క చెరిగిపోదు. అందుకని ఏటా వారం చొప్పున మూడుసార్లు వెళ్లే బదులు ఒకేసారి మూడు వారాలకు వెళ్లండి. ఒక ఊళ్లో దిగి, ఇంకో ఊరి నుంచి తిరుగు విమానం ఎక్కేలా చూసుకోండి. దిగిన చోటికే మళ్లీ రావాలంటే చూసిన దారే రెండోసారి తిరగాలి. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. రానూపోనూ టికెట్ చవకగా వచ్చిందని కొంటారు, చివర్లో వెయ్యి కిలోమీటర్లు వెనక్కి రావడానికి చైనాలో ఇంకో విమానం ఎక్కుతారు.

తెలుగువాళ్లకు అనువైన దారి ఒకటి చెప్తాను. నేరుగా వెళ్లే విమానంలో హాంకాంగ్ చేరండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు హాంకాంగ్‌కు ముందే ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చైనా వీసా దానికి వేరే, అది బయల్దేరే ముందే చేతిలో ఉండాలి. హాంకాంగ్ వెస్ట్ కౌలూన్ స్టేషన్ నుంచి 2024 జూన్ 15న బీజింగ్‌కు, షాంఘైకి హైస్పీడ్ స్లీపర్ రైళ్లు మొదలయ్యాయి. బీజింగ్‌కు పన్నెండున్నర గంటల పైచిలుకు పడుతుంది. మొదట్లో ఇవి శుక్ర, శని, ఆది, సోమవారాల్లోనే నడిచేవి. కాబట్టి మీ తేదీ వేసి చూసుకున్నాకే మిగతా ఏర్పాట్లు చేయండి. హాంకాంగ్, చైనా రెండు వైపుల ఇమిగ్రేషన్ తనిఖీలూ వెస్ట్ కౌలూన్‌లోనే పూర్తవుతాయి, గంటన్నర ముందుగా అక్కడ ఉండండి.

బీజింగ్ చూశాక బీజింగ్ వెస్ట్ నుంచి షీఆన్‌కు రాత్రి రైలు. దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఎక్కితే పొద్దున ఎనిమిదికి అటూ ఇటుగా దిగుతారు. రాత్రి రైలు అంటే ఇలా ఉండాలి. షీఆన్ నుంచి చెంగ్డూకు మాత్రం పగటి రైలే ఎక్కండి. 2017 డిసెంబరులో ఆ హైస్పీడ్ మార్గం తెరిచాక నాలుగు గంటల పని అయింది. నాలుగు గంటల దారిని రాత్రికి నెట్టి నిద్ర పాడుచేసుకోవడం దండగ. చెంగ్డూ నుంచి తిరుగు విమానం దొరికితే యాత్రలో ఎక్కడా వెనకడుగు ఉండదు.

ఎనిమిది నుంచి పదమూడు గంటల ప్రయాణం రాత్రికి సరిపోతుంది. అంతకంటే తక్కువైతే ఏ అర్ధరాత్రో ఎక్కి తెల్లవారుజామున నాలుగింటికి దిగాలి. అప్పటికి మెట్రో మొదలవదు, టాక్సీ తప్పదు. హోటల్ వాళ్లు పొద్దున్నే గది ఇవ్వాలంటే ముందు రాత్రికి కూడా డబ్బు అడుగుతారు. మిగిలిందనుకున్నదంతా అక్కడే పోతుంది. దిగే సమయం ఆరున్నర దాటాక ఉండేలా చూసుకోండి.

రైలు నంబరు ముందున్న అక్షరం

చైనా రైలు నంబరు ముందు ఒక అక్షరం ఉంటుంది. జీ అంటే గంటకు 300 నుంచి 350 కిలోమీటర్ల బుల్లెట్ రైలు. డీ అంటే 200 నుంచి 250. జడ్ అంటే తక్కువ చోట్ల ఆగే ఎక్స్‌ప్రెస్, గరిష్ఠ వేగం 160. టీ 140 దాకా, కే 120 దాకా పోతాయి. అక్షరం లేకుండా ఉత్త అంకెలే ఉంటే మన ప్యాసింజరు బండి లాంటిది. రాత్రి ప్రయాణానికి జడ్, టీ, కే రైళ్లు, కొన్ని డీ స్లీపర్ రైళ్లు ఉంటాయి.

పర్యావరణం కోణంలో వీటి మధ్య తేడా ఉంది. రైలును వెనక్కి లాగే గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 120 మీద పోయే రైలుతో పోలిస్తే 300 మీద పోయే రైలుకు ఆ ఒక్క నిరోధమే ఆరు రెట్లు దాటుతుంది. కొత్త రైళ్ల ముక్కు సన్నగా చెక్కి కొంత తగ్గించారు గానీ, నెమ్మదిగా పోయేదానికి కరెంటు తక్కువ చాలుతుందన్నది మారదు. రైలంటే కాలుష్యమే లేదనుకోవద్దు. చైనా కరెంటులో సగానికి పైగా ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. అయినా అదే దూరం విమానంలో పోయేదానికీ రైల్లో పోయేదానికీ పోలికే లేదు. అందుకని విమానం మాని ఏ రైలెక్కినా మంచిదే. రెండు రైళ్లలో ఏదో ఒకటి ఎంచుకునే వీలుంటే జడ్ రైలు ఎక్కండి. పాతకాలపు కే రైలు కంటే పెట్టెలు బాగుంటాయి, ఆగే స్టేషన్లు తక్కువ కాబట్టి నిద్ర కూడా సాగుతుంది.

ఏ బెర్తు

చైనాలో స్లీపర్ పేర్లు మనవాళ్లను కంగారు పెడతాయి. హార్డ్ స్లీపర్ అంటే గట్టి చెక్క బల్ల కాదు. దాన్ని అక్కడ యింగ్ వో అంటారు. పరుపు, దిండు, బొంత, దుప్పటి అన్నీ ఉంటాయి, ఇప్పుడు దాదాపు అన్నిటికీ ఏసీ ఉంది. మన త్రీ టయర్ ఏసీ లాంటిదే. తలుపు లేని అరలో అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరు బెర్తులు. సాఫ్ట్ స్లీపర్ అంటే ర్వాన్ వో. తలుపున్న గదిలో నాలుగు బెర్తులు.

మన రైళ్లకు అలవాటుపడినవాళ్లు రెండు తేడాలు గుర్తుపెట్టుకోవాలి. అక్కడ సైడ్ బెర్తులుండవు. ఆ చోట నడవ, కిటికీ పక్కన మడత కుర్చీలు, చిన్న బల్లలు ఉంటాయి. ఇంకోటి, మిడిల్ బెర్తు మడవడానికి రాదు, పగలూ రాత్రీ అక్కడే ఉంటుంది. అందువల్ల పగలు కూర్చోవాలంటే కింది బెర్తు అంచుమీదో, నడవలో మడత కుర్చీ మీదో కూర్చోవాలి. కింది బెర్తు కొన్నవాళ్ల పక్క మీద పైవాళ్లు కూర్చోవడం అక్కడ మామూలే. అది నచ్చకపోతే మిడిల్ తీసుకోండి. పై బెర్తు సీలింగుకు బాగా దగ్గర, లేచి కూర్చోవడానికి ఉండదు, నిచ్చెన సన్నం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వద్దు. ధర కిందది ఎక్కువ, మధ్యది కొంచెం తక్కువ, పైది ఇంకా తక్కువ. షాంగ్ పూ అంటే పై బెర్తు, జోంగ్ పూ మధ్యది, శ్యా పూ కిందది.

బీజింగ్ నుంచి షీఆన్‌కు హార్డ్ స్లీపర్ సుమారు 250 నుంచి 275 యువాన్లు. సాఫ్ట్ స్లీపర్ 415 ప్రాంతం. పగటి బుల్లెట్ రైల్లో సెకండ్ క్లాస్ సీటే 500 దాటుతుంది.

ఇక్కడ ఒక లెక్క ఎవరూ పెద్దగా చెప్పరు. ఒక మామూలు సాఫ్ట్ స్లీపర్ పెట్టెలో 36 మంది పడుకుంటారు. హార్డ్ స్లీపర్ పెట్టెలో 66 మంది. హార్డ్ సీటు పెట్టెలో 118 మంది కూర్చుంటారు. ఇంజను లాగే పెట్టె బరువు మాత్రం ఇంచుమించు అంతే. అంటే మీరు సాఫ్ట్ నుంచి హార్డ్ స్లీపర్‌కు మారిన క్షణమే మీ వంతు భారం దాదాపు సగమవుతుంది. వారం పాటు ప్లాస్టిక్ చెంచాలు మానేసినా ఇంత తేడా రాదు. అలాగని పన్నెండు గంటలు హార్డ్ సీట్లో నిటారుగా కూర్చోమని ఎవరికీ చెప్పలేం. పొద్దున దిగాక నడుం పట్టేసి హోటల్‌కు పరిగెడితే ఏం మిగిలింది? చిన్నపిల్లలతో ఉన్నా, రాత్రి గురకలు భరించలేకపోయినా సాఫ్ట్ స్లీపర్ తీసుకోండి. మిగతావాళ్లకు హార్డ్ స్లీపర్ మధ్య బెర్తు చక్కగా సరిపోతుంది.

హార్డ్ స్లీపర్ పెట్టెలో నంబర్లు 1 నుంచి 22 దాకా ఉంటాయి. ప్రతి నంబరుకీ పై, మధ్య, కింద మూడు బెర్తులు. 9 నుంచి 14 మధ్య వస్తే పెట్టె నడుమన ఉన్నట్టు. చివర్లలో మరుగుదొడ్డి తలుపు చప్పుడు, మామూలు రైళ్లలో పెట్టెల మధ్య సిగరెట్ కాల్చేవాళ్ల పొగ వస్తాయి. డీ, జీ రైళ్లలో పొగ తాగడం పూర్తిగా నిషేధం.

టికెట్

అధికారిక యాప్ పేరు 12306. ఇంగ్లిష్‌లోనూ ఉంది. బయటి సైట్లలో కొంటే పైన రుసుము వేస్తారు.

1. ప్రయాణానికి కనీసం నెల ముందే ఖాతా తెరవండి. ఈమెయిల్, పాస్‌పోర్టు నంబరు ఇచ్చి, పాస్‌పోర్టు ఫొటో పేజీ ఎక్కించాలి. వాళ్లు దాన్ని సరిచూసి ఆమోదించడానికి కొన్నిసార్లు రోజులు పడుతుంది. టికెట్లు తెరిచిన రోజున ఖాతా తెరవడం మొదలుపెడితే పని అవదు.

2. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయండి. మనవాళ్లకు చిక్కు ఇక్కడే. ఇంటిపేరు పొడి అక్షరంతో రాసే అలవాటు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం, మూడు నాలుగు ముక్కల పేర్లు. పొడి అక్షరాలు వాడొద్దు. వీసాలో, పాస్‌పోర్టులో, టికెట్లో పేరు ఒకేలా ఉండాలి. పాస్‌పోర్టు కొత్తది వచ్చి నంబరు మారితే ఖాతాలోనూ మార్చండి. పాత నంబరుతో కొన్న టికెట్ గేటు దగ్గర పనిచేయదు.

3. టికెట్లు కొనే రోజుతో కలిపి 15 రోజుల ముందు అమ్మకానికి వస్తాయి. ఏ గంటకు తెరుస్తారన్నది బయల్దేరే స్టేషన్‌ను బట్టి మారుతుంది. చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, దేశమంతటికీ అదొక్కటే సమయం. హార్డ్ స్లీపర్ కింది బెర్తులు మొదట అయిపోతాయి.

4. డబ్బు కట్టడానికి అలీపే అనే చైనా చెల్లింపు యాప్‌లో మీ వీసా కార్డు గానీ, మాస్టర్‌కార్డ్ గానీ ముందే కలిపి పెట్టుకోండి. 200 యువాన్లు దాటిన ప్రతి చెల్లింపుకీ విదేశీ కార్డు మీద 3 శాతం రుసుము పడుతుంది. మీ బ్యాంకులో విదేశీ లావాదేవీలు ఆన్ చేయించండి. ఓటీపీ మీ భారత నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్ రోమింగ్‌లో బతికుండాలి. అక్కడి సిమ్ వేసి మన సిమ్ పర్సులో దాచుకున్నవాళ్లు కౌంటర్ దగ్గర నిలబడిపోతారు.

5. టికెట్ లేకపోతే హోవ్ బూ అనే వెయిటింగ్ జాబితా ఉంది. ముందే డబ్బు కట్టించుకుంటారు, బెర్తు ఖాళీ అయితే ఇస్తారు, లేకపోతే డబ్బు వెనక్కి వస్తుంది.

దిగాల్సిన ఊరికి టికెట్ దొరక్కపోతే, రెండు స్టేషన్లు దాటి ఉన్న ఊరికి కొని మధ్యలో దిగిపోవడం అక్కడ బాగా తెలిసిన ఉపాయం. దూరం వెళ్లేవాళ్లకు బెర్తులు ముందు కేటాయిస్తారు కాబట్టి ఇది పనిచేస్తుంది కూడా. కానీ మీరు దిగాక ఆ బెర్తు ఖాళీగా పోతుంది. ఇంకెవరో ఆ రాత్రి టికెట్ లేక విమానం ఎక్కి ఉండొచ్చు. ముందు రోజుకో, తర్వాతి రోజుకో మార్చుకునే వీలు లేనప్పుడు మాత్రమే ఆ పని చేయండి.

టికెట్ రద్దు చేయాల్సివస్తే ఎనిమిది రోజుల ముందు దాకా కోత లేదు. తర్వాత 48 గంటల ముందు దాకా 5 శాతం, 24 గంటల ముందు దాకా 10, ఆ పైన 20 శాతం కోస్తారు. పాస్‌పోర్టే మీ టికెట్. ప్రింటు అవసరం లేదు. కాగితం రసీదు కూడా 2025 అక్టోబరు 1 నుంచి మానేసి ఎలక్ట్రానిక్ ఇన్‌వాయిస్ ఇస్తున్నారు. అయితే గూగుల్, వాట్సాప్ అక్కడ మామూలు నెట్‌లో తెరుచుకోవు. పెట్టె నంబరు, బెర్తు నంబరు, స్టేషన్ పేరు ఉన్న పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లో ఉంచుకోండి.

అక్టోబరు 1 నుంచి వచ్చే సెలవు వారం, మే 1 సెలవులు, చైనా కొత్త సంవత్సరం చుట్టూ ఉండే నలభై రోజులు: ఈ తేదీల్లో టికెట్ల వేటకు దిగొద్దు.

సంచిలో ఏముండాలి

పెద్దలకు సామాను 20 కిలోలు, పిల్లలకు 10. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటకూడదు. డీ, జీ రైళ్లలో 130. హార్డ్ స్లీపర్‌లో సూట్‌కేసు కింది బెర్తు కింద గానీ, నడవ పైనున్న అరలో గానీ పెట్టాలి.

సీసాలు రెండు కావాలి. ఒకటి రెండు గోడల స్టీలు ఫ్లాస్కు, అర లీటరుది చాలు. ఇంకోటి ఒకే గోడ ఉన్న మామూలు స్టీలు సీసా, లీటరుది, చుట్టూ ఒక గుడ్డ తొడుగు. ఫ్లాస్కు ఒక్కటే తీసుకెళ్లినవాళ్లు ఏం చేస్తారో తెలుసా? సాయంత్రం మరిగిన నీళ్లు నింపుకుంటారు, రాత్రి రెండింటికి దాహమేసి మూత తీస్తే అవి ఇంకా పొగలు కక్కుతుంటాయి. చివరికి తోపుడు బండి దగ్గర ప్లాస్టిక్ సీసా కొంటారు. ఒకే గోడ సీసాలో నింపిన నీళ్లు పడుకునే వేళకి తాగడానికి వీలుగా చల్లారతాయి. పల్చటి ప్లాస్టిక్ సీసాలో ఆ వేడినీళ్లు పోయొద్దు, మెత్తబడి వంకర పోతుంది.

మూత గట్టిగా బిగిసే స్టీలు టిఫిన్ డబ్బా, చెంచా, ఒక చేతి గుడ్డ, హవాయి చెప్పులు, టూత్‌బ్రష్, సబ్బు బిళ్ల, టాయిలెట్ కాగితం. నీళ్లు వాడే అలవాటు మనది కాబట్టి ఒక చిన్న మగ్గు కూడా. పల్చటి నూలు దుప్పటి ఒకటి పెట్టుకోండి. రైలు మొదలైన స్టేషన్లో ఎక్కితే పక్క శుభ్రంగా ఉంటుంది. మధ్య స్టేషన్లో ఎక్కినప్పుడు అంతకుముందు ఎవరో పడుకున్న పక్క తగలొచ్చు. అప్పుడు ఈ దుప్పటి పరుచుకుంటే కొత్తది ఇమ్మని అడగక్కర్లేదు, ఇంకో ఉతుకు తప్పుతుంది.

పవర్‌బ్యాంకు మీద సామర్థ్యం స్పష్టంగా ముద్రించి ఉండాలి, 100 వాట్-అవర్లు మించకూడదు. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు, సరిపోతుంది. అంకెలు చెరిగిపోయినది తీసేసుకుంటారు. హార్డ్ స్లీపర్‌లో ప్లగ్గులు నడవలో ఒకటో రెండో ఉంటాయి, వాటి దగ్గర ఎప్పుడూ జనమే. మన మూడు గుండ్రటి కాళ్ల ప్లగ్గు అక్కడ పట్టదు.

60 మిల్లీమీటర్లు దాటిన కత్తి, 150 మిల్లీలీటర్లు దాటిన దోమల స్ప్రే డబ్బా సంచిలో ఉండకూడదు. పండ్లు కోయడానికి చిన్న కత్తి తెచ్చుకునేవాళ్లు ఆ కొలత చూసుకోండి. లేదంటే అరటి, కమలా లాంటివి కొనండి.

తిండి

ఇంటి నుంచి తాజా పండ్లు, కూరగాయలు, కరివేపాకు, మాంసం, వెన్న, జున్ను తీసుకెళ్లొద్దు. కస్టమ్స్‌లో ఆపేస్తారు. అటుకులు, పులిహోర పొడి, కంది పొడి, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా మిక్స్ లాంటి పొడి సరుకు మేలు. టిఫిన్ డబ్బాలో 80 గ్రాముల మందపాటి అటుకులు వేసి, 120 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లు పోసి, మూత పెట్టి ఐదు నిమిషాలు ఆగండి. పులిహోర పొడి కలిపితే రాత్రి భోజనం అయినట్టే. పల్చటి అటుకులైతే నీళ్లు సగమే, లేకపోతే ముద్దవుతాయి. ఫ్లాస్కులో బియ్యం ఉడుకుతాయని మాత్రం ఆశ పడకండి.

మాంసాహారులకు చిక్కే లేదు, భోజన పెట్టె ఉంటుంది, తోపుడు బండి వస్తుంది. శాకాహారులు "వో చర్ సూ" అనాలి, నేను శాకాహారిని అని. వెంటనే "బూ యావ్ రోవ్", మాంసం వద్దు అని కూడా అనండి. మొదటి మాట ఒక్కటే అంటే పైన మాంసం ముక్కలు తీసేసి అదే కూర వడ్డించొచ్చు. కూరగాయల వంటకంలోనూ పంది కొవ్వు, మాంసపు రసం ఉండే అవకాశం ఉంది. కప్పు నూడుల్స్‌లోని నూనె పొట్లం చాలావాటిలో పశువుల కొవ్వే. అందుకే రైలెక్కే ముందు ఊళ్లోనే కొనుక్కోండి. ఆవిరి మీద ఉడికించిన ఉత్త మాంటో రొట్టెలు, కాల్చిన చిలగడదుంపలు, ఉడికించిన మొక్కజొన్న, పండ్లు అన్నిచోట్లా దొరుకుతాయి. మీ డబ్బా చాచి "బూ యావ్ దైత్సు" అంటే సంచి వద్దని, "బూ యావ్ ఖ్వైత్సు" అంటే తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) వద్దని. అమ్మే ఆవిడ చేతులు అలవాటుగా సంచి వైపు పోతాయి, కాబట్టి ఈ మాట డబ్బు కట్టే ముందే అనాలి. ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకోవాలన్న నియమం అక్కడ 2008 జూన్ 1 నుంచే ఉంది. 2020 చివరికల్లా హోటళ్లలో ప్లాస్టిక్ స్ట్రాలూ నిషేధించారు. అయినా పార్శిల్ తిండికి పొరల మీద పొరలు చుట్టడం మాత్రం ఆగలేదు.

స్టేషన్లో

చైనా రైల్వే ప్రయాణంలో అన్నిటికంటే ఖరీదైన తప్పు, ఊరు సరిగ్గానే చేరి స్టేషన్ తప్పడం. బీజింగ్‌లో బీజింగ్, వెస్ట్, సౌత్, ఫెంగ్‌టాయ్, చావోయాంగ్ అని వేర్వేరు పెద్ద స్టేషన్లున్నాయి. షాంఘైలో షాంఘై, హోంగ్‌చ్యావ్, సౌత్. షీఆన్‌లో పాత స్టేషన్ కోటగోడ పక్కనే ఉంటే, బుల్లెట్ రైళ్ల నార్త్ స్టేషన్ ఊరి బయట ఉంది. టికెట్ మీద పేరు చూసి ఆ స్టేషన్‌కే మెట్రో ఎక్కండి. బీజింగ్ వెస్ట్‌కు 7, 9 లైన్లు పోతాయి.

గంట ముందుగా చేరండి. ద్వారం దగ్గర పాస్‌పోర్టు చూస్తారు, సామాను స్కాన్ చేస్తారు. సీసాలో నీళ్లుంటే ఒక గుక్క తాగి చూపించమనొచ్చు. తాగేయండి, సీసా మీదే. తెర మీద రైలు నంబరు పక్కన ఏ హాలో చూసుకుని అక్కడే కూర్చోండి. మన దగ్గరలా ప్లాట్‌ఫాం మీద కాచుకుని ఉండటం కుదరదు. గేట్లు రైలుకు పదిహేను ఇరవై నిమిషాల ముందు తెరిచి, బయల్దేరడానికి కొన్ని నిమిషాల ముందే మూసేస్తారు. మూశాక ఎంత బతిమాలినా లాభం లేదు. ఆటోమేటిక్ గేటు పాస్‌పోర్టు చదవకపోతే కంగారు పడకుండా పక్కన మనిషి ఉండే గేటుకు వెళ్లండి. హాల్లోనే వేడినీళ్ల యంత్రం ఉంటుంది, ఒక సీసా అక్కడే నింపుకోవచ్చు.

రైల్లో రాత్రి

ప్రతి పెట్టె చివర ఒక బాయిలర్ ఉంటుంది. ఖాయ్ ష్వేయ్ అని అడిగితే ఎవరైనా చూపిస్తారు. కుళాయి నీళ్లు తాగకూడదు, ఈ మరిగిన నీళ్లే అందరూ తాగేది. ముప్పావు వరకే నింపండి. రైలు కుదిపితే చేయి కాలుతుంది. భోజనాల వేళ వరసగా చాలామంది పట్టుకున్నాక కొత్త నీళ్లు చేరి గోరువెచ్చగా వస్తాయి. అలాంటప్పుడు పది నిమిషాలు ఆగి మళ్లీ రండి. గోరువెచ్చని నీళ్లలో అటుకులు నానతాయేమో గానీ ఉప్మా అవదు. పన్నెండు గంటలకు మనిషికి లీటరున్నర చాలు, అంటే అర లీటరు ప్లాస్టిక్ సీసాలు మూడు తప్పినట్టు.

రాత్రి పదింటికి పెద్ద లైట్లు ఆర్పేస్తారు. పళ్లు తోముకోవడం, మొహం కడుక్కోవడం తొమ్మిదిన్నరకల్లా ముగించండి. పొద్దున ఆరు దాటితే వాష్‌బేసిన్ల దగ్గర వరస. కే రైళ్లలో చివరి గంటల్లో ట్యాంకులో నీళ్లే అయిపోవచ్చు. కుళాయి వదిలేసి తోముకునేవాళ్లు ఆ వరసలో వెనకున్నవాళ్ల మొహాలు ఒకసారి చూడాలి.

పాత రకం పెట్టెల్లో మరుగుదొడ్డి నేరుగా పట్టాల మీదికే పోతుంది. అందుకే స్టేషన్ దగ్గరపడితే తాళం వేస్తారు. జడ్ రైళ్లకు వాడే కొత్త తరం పెట్టెల్లో వాక్యూమ్ పద్ధతిలో ట్యాంకులోకి పోతుంది. జడ్ రైలు ఎంచుకోమనడానికి ఇదీ ఒక కారణం. అందులో కాగితం తప్ప ఇంకేం వేయొద్దు. తడి తుడుపు గుడ్డ ఒకటి వేస్తే గొట్టం మూసుకుపోయి రాత్రంతా పెట్టె మొత్తానికి ఆ దొడ్డి లేనట్టే.

సాఫ్ట్ స్లీపర్‌లో, డీ స్లీపర్లలో కాగితపు చెప్పులు పెడతారు. మీ హవాయి చెప్పులుంటే ఆ కవరు విప్పకండి, విప్పనిది ఇంకొకరికి పనికొస్తుంది. బల్ల మీద ఉండే లోహపు పళ్లెం పండ్ల తొక్కలకు, గింజల పొట్టుకు. నిండితే మీరే తీసుకెళ్లి పెట్టె చివర చెత్తడబ్బాలో వేయండి. రైల్లో చెత్తను సాధారణంగా విడదీయరు, అంతా ఒకే సంచిలోకి పోతుంది. కాబట్టి ఒకవేళ సీసా కొన్నా, డబ్బా కొన్నా దాన్ని దిగేదాకా మీ దగ్గరే ఉంచుకుని ఊళ్లో నీలం రంగు డబ్బాలో వేయండి. నీలం మళ్లీ వాడేవాటికి, ఆకుపచ్చ (షాంఘైలో గోధుమరంగు) వంటింటి చెత్తకు, ఎరుపు బ్యాటరీల లాంటి హానికరమైనవాటికి, బూడిద లేదా నలుపు మిగతావాటికి. షాంఘైలో 2019 జూలై 1 నుంచి, బీజింగ్‌లో 2020 మే 1 నుంచి ఇలా విడదీయడం తప్పనిసరి. 2019 జూలై 1 నుంచే షాంఘై హోటళ్లు అడగందే టూత్‌బ్రష్, దువ్వెన ఇవ్వడం మానేశాయి. బ్రష్ మర్చిపోతే కౌంటర్‌లో అడగాలి.

దిగాక

దిగే స్టేషన్‌కు ముందు పెట్టె అటెండెంటు వచ్చి లేపుతారు. అయినా అలారం పెట్టుకోండి. బెర్తు మీదా, దిండు కిందా పాస్‌పోర్టు వెతుక్కోండి, బయటికి వెళ్లే గేటు దగ్గర కూడా అది కావాలి. షీఆన్ పాత స్టేషన్లో దిగితే సామాను స్టేషన్ లాకర్లో పెట్టి, ఊళ్లోకి 4వ లైన్ మెట్రోలో పోయినా సరే, నడిచి పోయినా సరే. ఎదురుగా కనిపించేదే ఊరి కోటగోడ. చుట్టుకొలత సుమారు 13.7 కిలోమీటర్లు, పైన అద్దె సైకిళ్లుంటాయి. హోటల్ గది మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు కాబట్టి, ఎండ ముదరక ముందే ఒక చుట్టు తిరిగి రావచ్చు.